ఆన్‌లైన్ డిగ్రీ చిత్తుకాగితమన్న మాట అబద్ధం

‘ఆన్‌లైన్ డిగ్రీ చిత్తుకాగితంతో సమానం. ప్రభుత్వ ఉద్యోగానికి చెల్లదు. పరీక్షలు ఇంట్లో పుస్తకం తెరిచి రాసేవే. కంపెనీలు పక్కన పడేస్తాయి. కాలేజీ చదువే చదువు.’ ఈ సందేశం నాకు వాట్సాప్‌లో నాలుగు వైపుల నుంచి వచ్చింది. మా మేడమీద వాటాలో ఉండే అమ్మాయికీ వచ్చింది. ఇంటర్ కాగానే ఆమెకు పెళ్లయింది, ఇప్పుడు రెండేళ్ల పాప. ఆన్‌లైన్ బీకాం ఫీజు కట్టబోతూ ఆగిపోయింది. “పిన్నిగారూ, మూడేళ్లు చదివాక చెల్లదంటే నా గతేమిటి?” అని అడిగింది. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పిన మనిషిగా నేను ఊరుకోలేను.

చెల్లదన్నది పచ్చి అబద్ధం. 2020 సెప్టెంబరులో, విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం, గుర్తింపు ఉన్న సంస్థ దూరవిద్యలో ఇచ్చినా, ఆన్‌లైన్‌లో ఇచ్చినా ఆ డిగ్రీ, పీజీ పట్టాలు రెగ్యులర్ పట్టాలతో సమానం. ఈ సంగతినే 2022 సెప్టెంబరులో మళ్లీ స్పష్టం చేసింది. కాలేజీకి వెళ్లకుండా చదివిన డిగ్రీతో సివిల్స్ రాయడం ఎప్పటినుంచో ఉన్నదే. ఈ సందేశం మన తెలుగువాళ్ల మధ్య తిరగడం నాకు మరీ బాధ కలిగించింది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో వెలసింది మన హైదరాబాదులోనే, అదే నేటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి గారే 1985లో జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమైన ఇగ్నోకూ తొలి ఉపకులపతి అయ్యారు. పగలు పనికి వెళ్లేవాళ్లకు, బడి మధ్యలో మానేసినవాళ్లకు చదువు అందాలని వేసిన బాట అది.

అయితే భయానికి కారణమే లేదనను. 2017 నవంబరులో సుప్రీంకోర్టు, కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు, అంటే విశ్వవిద్యాలయ హోదా పొందిన సంస్థలు, తగిన అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలపై వేటు వేసింది. ఏళ్లతరబడి చదివినవాళ్లు రోడ్డున పడ్డారు. అక్కడ లోపం అనుమతిలో ఉంది. ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటి డిగ్రీలను ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి యూజీసీ ఒప్పుకోదు. ఒప్పుకోకూడదు కూడా. శవాన్ని కోయకుండా డాక్టరు కాలేరు. మిగతా కోర్సులకు యూజీసీ దూరవిద్యా విభాగం, అంటే డీఈబీ, వెబ్‌సైటులో అనుమతి ఉన్నవాటి జాబితా ఉంటుంది. విశ్వవిద్యాలయం పేరు కనిపిస్తే చాలదు. మనం చేరే కోర్సుకు, మనం చేరే ఏడాదికి అనుమతి ఉందో లేదో చూడాలి. ‘ఏడాదిలో డిగ్రీ ఇప్పిస్తాం’ అనే ఏజెంటును గుమ్మం ఎక్కనివ్వకూడదు.

పరీక్షల మాట చూద్దాం. మద్రాసు ఐఐటీ 2020 నుంచి నడుపుతున్న డేటా సైన్స్ కోర్సులో పాఠాలు ఆన్‌లైన్‌లోనే వస్తాయి. జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు చదివి అర్హత పరీక్ష గట్టెక్కితే చేరవచ్చు. కానీ క్విజ్‌లు, చివరి పరీక్షలు కేంద్రానికి వెళ్లి పర్యవేక్షకుల ముందే రాయాలి. అన్ని సంస్థలూ ఇంత గట్టిగా ఉన్నాయని చెప్పను. చేరేముందు పరీక్ష ఎలా పెడతారో అడగండి. హాజరు వేయించుకుని పరీక్షలకు మాత్రమే ముఖం చూపించే రెగ్యులర్ విద్యార్థులను నేను ఎందరినో చూశాను, వాళ్ల డిగ్రీని ఎవరూ చిత్తుకాగితమనలేదు.

కంపెనీల విషయం ఒక్కమాటలో చెబుతాను. పేరులేని సంస్థ పట్టాను పక్కన పెట్టే కంపెనీలు ఉంటాయి, అది కాలేజీలో చదివిన పట్టా అయినా అంతే.

ఇక కాలేజీ చదువే చదువన్న మాట. పద్దెనిమిదేళ్ల పిల్లలకు, ఇంట్లో వెసులుబాటు ఉంటే, కాలేజీకి వెళ్లమనే చెబుతాను. లైబ్రరీలో తగువులాడుకుని నేర్చుకున్నది తెరమీద దొరకదు. పైగా ఫీజు రీయింబర్స్‌మెంట్ సాధారణంగా రెగ్యులర్ కోర్సులకే వస్తుంది కాబట్టి పేదింటి పిల్లలకు కాలేజీయే చవక కావచ్చు. కానీ ఆ మేడమీది అమ్మాయి ముందున్న దారులు కాలేజీ, ఆన్‌లైన్ కావు. ఆన్‌లైన్ చదువు, లేదంటే అసలు చదువే లేకపోవడం. ఈ సందేశం రాసినవాళ్లు ఆమెను తలుచుకోనేలేదు.

నిన్న రాత్రి పాపను పడుకోబెట్టి కిందికి వచ్చింది. ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి ఇద్దరం ఆ జాబితా తెరిచాం. విశ్వవిద్యాలయం ఉంది, బీకాం ఉంది, ఈ విద్యా సంవత్సరమూ ఉంది. ఒక చెవి మేడమీదికే పెట్టి, మూడింటినీ రెండుసార్లు వేలితో చూపించుకుంటూ చదివింది. శనివారం ఫీజు కడుతుంది.