పెట్టె మీద అదే నంబరు, లోపల తక్కువ సరుకు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు గ్రాఫిక్స్ కార్డు అంటే ఒక్క గేములాడే కుర్రాళ్ల వ్యవహారం కాదు. పెళ్లి వీడియోలు మిక్సింగ్ (ఎడిటింగ్) చేసేవాళ్లకీ, కరిజ్మా ఆల్బమ్‌లు డిజైన్ చేసే స్టూడియోలకీ, గుణుపురంలో ఇంజనీరింగ్ చదివే పిల్లలకీ అది కావాలి. కొనడం మాత్రం చాలావరకు ఫోన్ మీదే. విశాఖలోని షాపుకు ఫోన్ చేసి, డబ్బులు పంపి, పార్సిల్‌లోనో అటునుంచి వచ్చేవాళ్ల చేతనో తెప్పించుకుంటారు. లేదంటే ఆన్‌లైన్. ఎలా కొన్నా కార్డును చూసి కొనడం ఉండదు. "అన్నా, సెవెన్ థర్టీ ఉందా? ఎన్ని జీబీ? ఎంత?" ఈ మూడు ప్రశ్నల్లో బేరం తేలిపోతుంది.

షాపువాడు అబద్ధమేమీ చెప్పడు. ఆ అవసరమే రాకుండా చిప్ తయారుచేసే ఎన్విడియా కంపెనీ చూసుకుంది. ఆ సెవెన్ థర్టీ, అంటే జీటీ 730 అనే చౌక కార్డు, వచ్చింది 2014లో. ఆ ఒక్క పేరు కింద ఎన్విడియా మూడు రకాల సరుకు దించింది. ఒకటి 96 కోర్ల (కోర్లంటే చిప్‌లో లెక్కలు చేసే భాగాలు) పాత ఫెర్మీ రకం చిప్, డీడీఆర్3 మెమరీ. రెండోది 384 కోర్ల కెప్లర్ చిప్, అదీ డీడీఆర్3తోనే. మూడోది అదే కెప్లర్, కానీ జీడీడీఆర్5 అనే వేగమైన మెమరీతో. కెప్లర్ రెండింటి మధ్య తేడా చూడండి: డీడీఆర్3 కార్డులో మెమరీ నుంచి చిప్‌కు సెకనుకు 14.4 జీబీ డేటా వెళ్తే, జీడీడీఆర్5 కార్డులో 40 జీబీ వెళ్తుంది. ఫెర్మీ కార్డుకు కొత్త డ్రైవర్లు (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) 2018లోనే ఆగిపోయాయి. కెప్లర్‌కు 2021 దాకా వచ్చాయి. ఇంత తేడా ఉన్నా మూడింటి పేరూ ఒకటే. పైగా మనవాళ్లు అడిగేది "ఎన్ని జీబీ" అని కాబట్టి, 4 జీబీ డీడీఆర్3 కార్డు ముందు 2 జీబీ జీడీడీఆర్5 కార్డు చిన్నబోతుంది. పనిలో మాత్రం ఆ చిన్నదే ముందుంటుంది.

గ్రాఫిక్స్ కార్డుల్లో పేర్ల మార్పిడి గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా తిట్టేది దీన్ని కాదు, పాత సరుకుకు కొత్త పేరు పెట్టడాన్ని. దానికి ఉదాహరణలు కొల్లలు. 2007 చివర్లో వచ్చిన ఎన్విడియా 8800 జీటీఎస్ 512 ఎంబీలోని చిప్పే 2008లో 9800 జీటీఎక్స్ అయింది. కాస్త చిన్న సైజులో తయారై 9800 జీటీఎక్స్ ప్లస్ అయింది. 2009లో జీటీఎస్ 250 పేరుతో మళ్లీ దుకాణమెక్కింది. దాని పోటీ కంపెనీ ఏఎండీ కూడా తక్కువ తినలేదు. హెచ్‌డీ 7970 చిప్ ఆర్9 280ఎక్స్‌గా, ఆర్9 290 చిప్ ఆర్9 390గా, ఆర్‌ఎక్స్ 480 చిప్ ఏడాది తిరక్కుండానే ఆర్‌ఎక్స్ 580గా వచ్చాయి.

దీని మీద నాకు పెద్దగా కోపం లేదు. కొత్త పేరుతో వచ్చినదాన్ని రివ్యూ చేసేవాళ్లు విప్పి చూస్తారు, ఇది ఫలానా పాత కార్డే అని మొదటి రోజే చెప్పేస్తారు. ఆ పేరు మీద వచ్చిన రివ్యూ ఆ సరుకుదే అవుతుంది. చాలాసార్లు ధర కూడా ఎంతో కొంత దిగుతుంది. పోటీ గట్టిగా ఉంటే ఈ పేర్ల ఆట ఆగిపోతుందన్న వాదనా నిలబడదు. 2008 వేసవిలో ఏఎండీ 199 డాలర్లకు హెచ్‌డీ 4850 దించిన దెబ్బకు, ఎన్విడియా జూన్‌లో 649 డాలర్లకు పెట్టిన జీటీఎక్స్ 280ని వారాల్లోనే 499కి తగ్గించుకోవాల్సి వచ్చింది. అంత పోటీ ఉన్న రోజుల్లోనే పైన చెప్పిన 9800 జీటీఎక్స్ ప్లస్ పుట్టింది. పోటీ ధరను దించింది కానీ పేర్ల మార్పును ఆపలేదు. చేతిలో కొత్త చిప్ లేని కంపెనీకి కొత్త పేరే ఆయుధం మరి.

నా అభ్యంతరం దీనికి తలకిందులైన పద్ధతి మీద: పేరు పాతది, లోపల సరుకు తగ్గుతుంది. 2017లో జీటీ 1030 జీడీడీఆర్5తో వచ్చి మంచి పేరు తెచ్చుకుంది. మరుసటి ఏడాది అదే పేరుతో డీడీఆర్4 రకం వచ్చింది. మెమరీ వేగం సెకనుకు 48 జీబీ అల్లా సుమారు 17కు పడిపోయింది. 2018లోనే చైనా మార్కెట్‌కు ఏఎండీ ఆర్‌ఎక్స్ 580 2048ఎస్‌పీ అని ఒకటి దింపింది. అసలు 580లో 2304 కోర్లుంటాయి, దీంట్లో 2048. అంటే అది ఆర్‌ఎక్స్ 570 అన్నమాట. ఇప్పుడు మన ఆన్‌లైన్ సైట్లలో "ఆర్‌ఎక్స్ 580 8జీబీ" అని చౌకగా కనిపించేవాటిలో ఈ రకమూ ఉంటుంది. 2022లో 8 జీబీతో, 2560 కోర్లతో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050కి 2024లో 6 జీబీ, 2304 కోర్ల తమ్ముడు వచ్చాడు. పేరు మాత్రం 3050నే. యూట్యూబ్‌లో తెలుగు రివ్యూ చూసి కొనేవాడు మొదటిదాన్ని చూస్తాడు, ఇంటికి రెండోది వస్తుంది.

చిప్‌లో కొంత భాగం పాడైతే ఆ భాగాన్ని మూసేసి తక్కువ ధరకు అమ్మడం ఈ పరిశ్రమలో మామూలే, అందులో తప్పు లేదు. వేరే నంబరు ఇస్తే చాలు. ఇవ్వరు, ఎందుకంటే పాత నంబరుకు ఉన్న మంచిపేరు పోతుంది.

పై మెట్టులో ఇలాంటిది చేస్తే ఊరుకోరు. 2022లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4080 పేరుతో 16 జీబీ, 12 జీబీ అని రెండు ప్రకటించింది. తేడా మెమరీలోనే కాదు, 9728 కోర్లకూ 7680 కోర్లకూ ఉన్నంత తేడా. జనం దుమ్మెత్తిపోశారు. అక్టోబరులో 12 జీబీ కార్డును వెనక్కి తీసుకుని, జనవరిలో 4070 టీఐ పేరుతో వంద డాలర్లు తగ్గించి విడుదల చేశారు. తొమ్మిది వందల డాలర్ల కార్డు కొనేవాడి గొంతుకు ఆ బలం ఉంది. నాలుగు వేల రూపాయల కార్డు కొనే స్టూడియో ఆయన గోల ఎవరికి పట్టింది? 2025 నాటికి విడి గ్రాఫిక్స్ కార్డుల్లో తొంభై శాతం దాటిన వాటా ఒక్క ఎన్విడియాదే అయినప్పుడు, కింది మెట్టు మీద ఎవరి చూపూ పడదు.

అక్కడ పోటీ అసలు లేదని కాదు. మిక్సింగ్ పనికి కావాల్సింది వీడియో ఎన్‌కోడర్, అంటే తయారైన వీడియోను కుదించి ఫైలుగా మార్చే భాగం. అది జీటీ 1030లో లేదు, ఏఎండీ 2022లో తెచ్చిన చౌక కార్డు ఆర్‌ఎక్స్ 6400లోనూ లేదు. అదే ఏడాది వచ్చిన ఇంటెల్ ఆర్క్ ఏ380లో ఉంది, ఏవీ1 అనే కొత్త వీడియో ఫార్మాట్‌తో సహా. కానీ దాని పూర్తి వేగం రావాలంటే రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సదుపాయం) ఉన్న కొత్త బోర్డు కావాలి. ఇంటెల్ నాలుగో జనరేషన్ పాత సిస్టమ్ మీద నెట్టుకొస్తున్న స్టూడియోకు అది పూర్తిగా అక్కరకు రాదు.

ఇంకో మెలిక ఉంది. షాపులు కట్టే సిస్టమ్‌లలో ఇంటెల్ ప్రాసెసర్ ఐ5-12400ఎఫ్ ఎక్కువగా కనిపిస్తుంది, కాస్త తక్కువకు వస్తుంది కాబట్టి. ఆ 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. స్క్రీన్ వెలగాలంటే ఏదో ఒక కార్డు పెట్టాలి, అక్కడికి జీటీ 730 వస్తుంది. మనవాళ్లు మిక్సింగ్‌కు వాడే ఎడియస్ సాఫ్ట్‌వేర్ ఎక్కువగా ఆధారపడేది ప్రాసెసర్ మీద, ఇంటెల్ గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్ అనే వీడియో ఎన్‌కోడర్ మీద. అంటే ఎఫ్ కొని క్విక్ సింక్ పోగొట్టుకుని, ఆ పనికి పెద్దగా కొరగాని కార్డుకు మళ్లీ డబ్బు పెడుతున్నారు. ఎఫ్ లేని 12400లో ఉండే గ్రాఫిక్స్ పేరు యూహెచ్‌డీ 730. దీని నంబరూ 730నే! ఇంకేం, ఫోన్ మీద "సెవెన్ థర్టీ ఉంది" అన్నా నిజమే అవుతుంది.

బిస్కెట్ ప్యాకెట్‌లో నాలుగు తగ్గించినా బరువు ఎంతో పైన వేయాలన్న నిబంధన ఉంది. కార్డు పెట్టె మీదా డీడీఆర్4 అని ఓ మూల ఉంటుంది. బిల్లు మీద మాత్రం "గ్రాఫిక్స్ కార్డ్ 2జీబీ" అనే ఉంటుంది, అదీ పక్కా బిల్లు ఇస్తే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం విశాఖలో కొన్న సరుకు మీద రాయగడ జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, అయిదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. కానీ ఏం అడిగామో, ఏం ఇస్తామన్నారో కాగితం మీద లేకపోతే ఆ కేసులో చూపించడానికి ఏముంటుంది? అందుకని డబ్బు పంపేముందు షాపువాడిని కార్డు బిగించి, దాని వివరాలు చూపించే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ స్క్రీన్ ఫొటో వాట్సాప్ చేయమనాలి. కోర్లెన్ని, మెమరీ ఏ రకం, ఎన్ని బిట్లు, అన్నీ ఆ ఒక్క స్క్రీన్‌లో ఉంటాయి. బిల్లు మీద పూర్తి మోడల్ నంబరు, సీరియల్ నంబరు రాయించుకోవాలి. ఎలాగూ వారంటీకి సీరియల్ నంబరు కావాలి కాబట్టి, అది రాయడానికి షాపువాడికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు.