ఇసుక తోలు

మా బావగారు రొయ్యల డబ్బుతో కుక్కను కొన్నారు. కుక్క అంటే ఊరుకోరు, షార్‌పేయి అనాలి. చైనా మాటలో ఇసుక తోలు అని అర్థమట. ఇసుక తోలడం అనగానే మా కోనసీమలో ర్యాంపూ, ట్రాక్టరూ, అర్ధరాత్రీ గుర్తొస్తాయి గానీ కుక్క గుర్తు రాదు. నిమిరితే మాత్రం ఉప్పుకాగితమే.

దక్షిణ చైనా రైతుల కాపలా కుక్కండీ ఇది. అడవిపందుల వేటకెళ్లేది, పందేల్లో దిగేది. అవతలి కుక్క పట్టుకుంటే వదులు తోలులోనే గిర్రున తిరిగి కరిచేదట. జాతి అంతరించే దశలో 1973లో హాంకాంగ్ నుంచి మాట్గో లా అనే ఆయన అమెరికావాళ్లకి మొర పెట్టుకున్నాడు. వాళ్లు కాపాడారు. కాపాడుతూ కాపాడుతూ ముడతలు పెంచేశారు.

ఇక పొద్దున్నే బావగారి అరుగు మీద ముడతల సేవ. పాలేరు ఒక్కో మడత విప్పి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఫ్యాను గాలికి ఆరబెట్టి మూస్తాడు. బావగారు వాలుకుర్చీలోంచి లెక్క.

"పద్నాలుగోది అయిందేంట్రా?"

"ఆయ్, పదమూడేనండి. నుదురు రెండుసార్లు లెక్కెట్టేశారు."

మళ్లీ మొదటికి. ఇంతలో చెరువు మీంచి ఫోను: నీళ్లలో గాలి కలిపే ఏరేటరు ఆగిపోయింది, రొయ్యలు పైకి తేలుతున్నాయి! "ఉండరా, మెడ దగ్గరున్నాం" అంటారు బావగారు. వానాకాలంలో ఆరేసిన పంచే రెండ్రోజులకి ఆరదు మాకు, మెడ కింద మడత ఆరుతుందా? చివరి మడతకొచ్చేసరికి మొదటిది మళ్లీ చెమ్మ. ఆ వాసనకి మా అక్కయ్య వీధి గుమ్మం వైపే రావడం మానేసింది.

అదేమో నేరేడుపళ్లు తిన్నట్టు నల్లటి నాలుక చాపి గంభీరంగా చూస్తుంది. ఇంటివాళ్లని వదలదు, కొత్తవాళ్లని చేరనివ్వదు, తనకి తోస్తే తప్ప మాట వినదు. ఈ మూడూ బావగారిలో ఉండగా మళ్లీ కొనడం దేనికో!

వచ్చినవాళ్లంతా సెల్ఫీలు. "కళ్లు మూసుకుంది, నిద్రొస్తోంది పాపం, ఎంత ముద్దుగా ఉందో!" నిద్ర కాదయ్యా! రెప్ప లోపలికి ముడుచుకుపోయి వెంట్రుకలు కనుగుడ్డుని గీకుతున్నాయి. మన కంట్లో నలుసు పడితే ఇల్లంతా చేరి ఊదాలి. దానికి రోజంతా నలుసే. ముడతలు తెచ్చే జన్యువులోని తేడాకీ, ఈ జాతిని పీడించే జ్వరానికీ లంకె ఉందని 2011లో శాస్త్రవేత్తలు చెప్పారు కూడా. పశువుల డాక్టరు కంటికి ఆపరేషన్ చేయించమని రెండుసార్లు మొత్తుకున్నాడు. "మొహం మీద ముడతలు తగ్గిపోవు కదా?" అని బావగారి బెంగ. సిగ్గుండక్కర్లా!

చెరువు గట్టు మీద కాపలా ఇప్పటికీ ఊరకుక్కదే.

నిన్న మళ్లీ వెళ్లాను. "పదిహేడు" అంటున్నారు బావగారు. అది ముందుకాలితో కన్ను రుద్దుకుంటోంది.