నది ఒక్కరిదేనా?

తెల్లవారుజామునే లేచి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణ ఒడ్డున గాలం వేసి కూర్చున్నాను. రెండు గంటల తర్వాత బెండు చిన్నగా మునిగింది. సరిగ్గా అప్పుడే భవానీ ద్వీపం వైపు నుంచి ఒక మరపడవ! బారెడు దూరంలో దూసుకుపోయింది. దారం తెగింది. అల వచ్చి ఎర డబ్బాను లాక్కెళ్లింది. కనీసం వెనక్కి తిరిగి చూశారా? లేదు, పైగా కేకలు!

అంత వెడల్పు నదిలో ఒడ్డును రాసుకుంటూ పోవాలా? వేగం కాస్త తగ్గిస్తే ఏం పోతుంది? నాదంటే సరదా, పోనీ. వల మీద బతికేవాళ్ల మాటేమిటి? బెండ్లు వరుసగా తేలుతుంటే కింద వల ఉందని తెలియదా? ఇంజిన్ పంకా ఒక్కసారి తగిలిందా, వల పీలికలే. ఆ రోజు కూలి ఎవరిస్తారు?

మా గాలాలవాళ్లూ తక్కువ తినలేదు. పడవలు ఆగే రేవులోనే గాలాలు విసరడం ఏమిటి? తెగిన నైలాన్ దారం నీళ్లలోనే వదిలేస్తారు. అది కుళ్లదు, కరగదు. మొన్న ఒక కొంగ కాలికి చుట్టుకుంది. పాపం, ఎగరలేక రాళ్ల మధ్య కొట్టుకుంటోంది. విప్పడానికి పావుగంట పట్టింది, చర్మం కోసుకుపోయి ఉంది. ఆ దారాన్ని చుట్టి జేబులో పెట్టుకోవడానికి ఎంతసేపు పట్టేది?