డోర్ బరువు కాదు, దాన్ని మోసే స్తంభం చూడాలి

మహబూబ్‌నగర్‌లోనో నల్లగొండలోనో ఏదైనా కార్ల షోరూమ్‌లో ఓ అరగంట నిలబడితే, మనవాళ్లు బండిని ఎలా పరీక్షిస్తారో తెలిసిపోతుంది. డోర్ తెరుస్తారు, వేస్తారు. ధబ్ మంటే మంచి బండి, టప్ మంటే రేకు డబ్బా. నిజానికి ఆ చప్పుడులో చాలా భాగం రబ్బరు బీడింగు, లాకు, రేకు లోపల అంటించిన మెత్తటి షీట్ల పుణ్యమే. అయినా డోర్ బరువుగా ఉంటే కారు గట్టిది, తేలిగ్గా ఉంటే డొల్ల అనే నమ్మకం మాత్రం పోవడం లేదు. నా ఉద్దేశంలో ఈ లెక్కే తప్పు. తేలికపాటి బాడీ మంచిదో కాదో తేలేది డోర్‌లో కాదు, డోర్‌ను మోసే చట్రంలో.

ముందు డోర్ పొడవు ఇంచుమించు మీటరు. దాన్ని పట్టుకునే రెండు హింజీల మధ్య దూరం 40 సెంటీమీటర్లు అనుకుందాం. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన దిగేటప్పుడు, తెరిచిన డోర్ చివర పట్టుకుని 70 కిలోల ఒళ్లంతా దానిమీదే వేస్తాడు (మన ఇళ్లల్లో అలా దిగని పెద్దలెవరు?). అప్పుడు పై హింజీని స్తంభం (డోర్ తగిలించే చట్రం భాగం) నుంచి ఊడబెరికే బలం సుమారు 175 కిలోలు. కింది హింజీ అంతే బలంతో స్తంభాన్ని నొక్కుతుంది. ఆ లాగుడుకు పై హింజీ వెనకున్న రేకు అర మిల్లీమీటరు లొంగినా చాలు, లాకు వైపు అంచు మిల్లీమీటరుంబావు కిందికి దిగుతుంది. డోర్‌కూ డోర్‌కూ మధ్య వదిలే గ్యాపే మామూలుగా 3 నుంచి 5 మిల్లీమీటర్లు. అలాంటప్పుడు డోర్ ఎంత దిట్టంగా ఉండి ఏం లాభం?

బరువు తగ్గించాలంటే కంపెనీల ముందున్న ప్రధానమైన దారులు రెండు. ఒకటి, ఎక్కువ బలమున్న ఉక్కును పలచగా వాడటం. ఇందులో ఒక మెలిక ఉంది. ఉక్కు బలం ఎంత పెంచినా దాని బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, మామూలు ఉక్కుకు ఉన్నంతే ఉంటుంది. రేకు చిరగదు, కానీ పలచబడ్డ కొద్దీ ఎక్కువ వంగుతుంది. రెండోది అల్యూమినియం. ఉక్కులో మూడో వంతు బరువు, బిగువు కూడా మూడో వంతే. కాబట్టి లోహం మార్చినంత మాత్రాన పని జరగదు, ఆకారం మార్చాలి. పొలం దగ్గర పడున్న పీవీసీ పైపు ముక్క ఒకటి తీసుకుని మెలిపెట్టి చూడండి, కదలదు. దాన్నే నిలువునా ఒక గీత కోసి మళ్లీ మెలిపెడితే చేతికి లొంగిపోతుంది. ప్లాస్టిక్ అదే, బరువూ దాదాపు అంతే. డోర్ చుట్టూ ఉండే స్తంభాలు, గుమ్మం, పైకప్పు పట్టీ మూసిన పెట్టె ఆకారంలో ఉండాలనేది ఇందుకే.

1994లో వచ్చిన ఆడి ఏ8 ఈ దారిలోనే వెళ్లింది. అల్యూమినియాన్ని అచ్చులోంచి తోసి చేసిన గొట్టాలు, అవి కలిసే మూలల్లో పోతపోసిన ముక్కలు, వాటికి రేకులు కలిపి చట్రం కట్టారు. పోత ముక్కతో ఉన్న సుఖం ఏంటంటే, బోల్టు పడే చోట మాత్రమే మందం పెంచి మిగతా చోట తగ్గించొచ్చు. రేకుతో అది అంత సులువు కాదు, మామూలుగా లోపల ఇంకో ముక్క వెల్డింగ్ చేస్తారు.

ఎంత జాగ్రత్తగా చేసినా వెల్డింగ్ వేడికి చట్రం కాస్త అటూఇటూ లాగుతుంది. అందుకే చాలా ఫ్యాక్టరీల్లో హింజీ బోల్టు కాస్త అటూఇటూ జరిగేలా సందు ఇచ్చి, జిగ్‌తోనో (ముక్కను సరైన చోట పట్టి ఉంచే పరికరం) చేతి నైపుణ్యంతోనో డోర్ సర్దుతారు. అద్దం, మోటారు ఎక్కాక కొద్దిగా దిగుతుందని తెలుసు కాబట్టి ముందే కాస్త ఎత్తి బిగిస్తారు. జనరల్ మోటార్స్ 1984 మోడల్ పాంటియాక్ ఫియరోకు వేరే ఉపాయం చేసింది. ఉక్కు చట్రం మొత్తం వెల్డింగ్ అయ్యాక, పైప్యానెళ్లు కూర్చునే దిమ్మలన్నింటినీ ఒకే యంత్రంలో, ఒకే బిగింపులో చెక్కి రంధ్రాలు వేసింది. వెల్డింగ్‌లో వచ్చిన వంకర అక్కడితో ఆగిపోతుంది, ప్యానెల్ దాకా రాదు. ఫియరో ఎక్కువ కాలం నిలబడలేదు గానీ, హింజీల విషయంలోనూ ఈ ఆలోచనే సరైనదని నాకనిపిస్తుంది.

ఉక్కు బాడీకి అల్యూమినియం డోర్ తగిలిస్తే ఇంకో తలనొప్పి. అల్యూమినియం వేడికి ఉక్కుకన్నా ఇంచుమించు రెట్టింపు సాగుతుంది. మన మే నెల ఎండకు ఆ తేడా అర మిల్లీమీటరే, సర్దుకుపోవచ్చు. రంగు కాల్చే ఓవెన్ సుమారు 180 డిగ్రీలు. అక్కడ మీటరుపైన ఉన్న డోర్‌లో తేడా రెండు మిల్లీమీటర్ల దాకా పోతుంది, బోల్టు జరిగితే సర్దిన గ్యాపంతా పోయినట్టే.

ఇదంతా మన జిల్లాలకెందుకు అంటారా? మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023 మే నెలలో అమరరాజా బ్యాటరీ కారిడార్‌కు శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి అన్నారు. బ్యాటరీ గురించి మాట్లాడే మనం దాని బరువు గురించి మాట్లాడం. ఎలక్ట్రిక్ కారులో 40 యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ ప్యాక్ రెండు మూడు వందల కిలోలు తూగుతుంది, ఆ బరువు బాడీలో ఎక్కడో తగ్గించుకోవాలి. ప్యాక్ పెట్టె నేలను గట్టిపరిచే మాట నిజమే. కానీ హింజీ స్తంభానికి అది చేసే సాయం తక్కువ.

ఈ బండ్లు దెబ్బతింటే వెళ్లేది 65వ నంబరు హైవే పక్కనున్న చిన్న షెడ్డుకే. డోర్ దిగిందంటే అక్కడ పద్ధతి తెలిసిందే: డోర్ సగం తెరిచి, అంచు కింద జాకీ, దానిపైన గోనెపట్టా చుట్టిన చెక్కముక్క. నాలుగు తిప్పులు ఎత్తుతారు, వేసి చూస్తారు, మళ్లీ ఎత్తుతారు. పాత మెత్తటి ఉక్కుకు ఈ చేతిపని చక్కగా పనిచేసింది. ముందు, వెనక డోర్ల మధ్య ఉండే స్తంభం వంగితే గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చి సుత్తితో సరిచేసేవారు. ఇప్పుడు చాలా కార్లలో ఆ స్తంభాన్ని 900 డిగ్రీల పైన కాల్చి, అచ్చులోనే చల్లార్చిన బోరాన్ ఉక్కుతో చేస్తున్నారు. దాని బలం 1,500 మెగాపాస్కళ్ల (లోహం బలాన్ని కొలిచే లెక్క) దాకా ఉంటుంది. గ్యాస్ మంట తగిలిందంటే ఆ బలం పోతుంది. పైన రంగేస్తే మాత్రం ఏమీ తెలియదు.

కొత్త కారుకు ఏఐఎస్-098 పరీక్షలో (కారును ముందు వైపు నుంచి గుద్దించి చూసే మన దేశపు పరీక్ష) గుద్దేటప్పుడు డోర్లు తెరుచుకోకూడదు, గుద్దాక పనిముట్లు లేకుండా సీట్ల వరుసకు ఒక డోరైనా తెరుచుకోవాలి. షెడ్డులో కాల్చి సరిచేసిన స్తంభానికి ఇలాంటి పరీక్ష లేదు. మేస్త్రీలను తప్పుపట్టి ఏం లాభం, వాళ్లకు చెప్పినవాళ్లెవరు? 2024లో రాష్ట్ర ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. రోబోలు, త్రీడీ ప్రింటర్లు సరే. మన జిల్లాల సెంటర్లలో వాటితోపాటు బాడీ కొలిచే బెంచీ ఒకటి, అల్యూమినియానికి విడిగా ఒక గది పెట్టాలి. విడిగా ఎందుకంటే, ఉక్కు రుద్దిన గ్రైండర్‌తోనే అల్యూమినియం రుద్దితే అందులో ఇరుక్కున్న ఉక్కు పొడి దగ్గరే అల్యూమినియం తినుకుపోవడం మొదలవుతుంది. ఈ సంగతి తెలియడానికి డిగ్రీ అక్కర్లేదు, ఓ వారం శిక్షణ చాలు.