గీత అడిగితే డీ అక్షరాలు

మా దుకాణం బిల్లు చుట్టూ ఒక గీత గీయించడానికే నిన్న సాయంత్రమంతా గడిచిపోయింది. కంప్యూటరు తెరపై చక్కగా కనిపించే అడ్డగీత కాగితం మీదికి వచ్చేసరికి వాలుగా ఉన్న ఇంగ్లీషు డీ అక్షరాల బారుగా, నిలువుగీత 3 అంకెల వరుసగా మారిపోతున్నాయి. కారణం తెలిశాక బాధ ఇంకా పెరిగింది. 1981 నాటి ఐబీఎం పీసీ కంప్యూటరులో ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే అక్షరపట్టికలో అడ్డగీత సంఖ్య 196. చుక్కలతో అక్షరాలు ముద్రించే మా పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మాత్రం 128 దాటిన స్థానాలను వాలు అక్షరాలకు కేటాయించుకుంది కనుక, 196లో నుంచి 128 తీసివేయగా మిగిలే 68ని, అంటే డీ అక్షరాన్ని, వాల్చి ముద్రిస్తుంది. ముందుగా 27, 116, 1 అనే మూడు సంకేతాలను పంపితే వాలు అక్షరాల బదులు గీతలున్న ఆ ఐబీఎం పట్టిక అమలులోకి వస్తుంది, కానీ కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ ఆదేశం చెరిగిపోతుంది. శాశ్వతంగా మార్చే చిన్న స్విచ్చు లోపల ఉంది. ఏది ఎటు జరపాలో చెప్పే పుస్తకం ఏనాడో పోయింది.

ఇంత శ్రమపడి గీత సాధించినా, 2010లో ఖరారైన రూపాయి గుర్తు ఆ పట్టికలో ఎక్కడా లేదు. దానిని చుక్కలుగా విడదీసి బొమ్మలా పంపవచ్చు గానీ, ఎదురుగా కొనుగోలుదారు నిలబడి ఉండగా ఒక్కో బిల్లుకు అంత సమయం ఎక్కడిది? ప్రతి మొత్తానికీ ముందు ఇంగ్లీషు ఆర్, ఎస్ అక్షరాలే వేసి ఇస్తున్నాను.