ధాత కరువులో ఆడమ్ స్మిత్

అర్థశాస్త్రవేత్త ఆడమ్ స్మిత్ పుస్తకం ‘ద వెల్త్ ఆఫ్ నేషన్స్’ 1776 మార్చిలో లండన్‌లో అచ్చయింది. పదిమంది పని పంచుకుంటే రోజుకు 48,000 గుండుసూదులు తయారవుతాయన్న లెక్క మొదటి అధ్యాయంలోనే ఉంటుంది కాబట్టి అక్కడిదాకా అందరూ చదువుతారు. ఎవరి లాభం వాళ్లు చూసుకున్నా అది తెలియకుండానే అందరి మేలుకు దారితీస్తుందని చెప్పే, అందరి నోటా నలిగే ‘అదృశ్య హస్తం’ మాత్రం అంత పెద్ద పుస్తకంలో ఒక్కసారే కనిపిస్తుంది. తెలుగువాళ్లం తప్పక చదవాల్సింది వేరే ఉంది. తిండిగింజల వ్యాపారం మీద ఆయన రాసిన భాగం.

స్మిత్ ఈస్టిండియా కంపెనీని వెనకేసుకు రాలేదు. ఏ దేశానికైనా వర్తకుల కంపెనీ పాలనే బహుశా అన్నిటికన్నా అధ్వానమన్నాడు. బెంగాల్‌లో గింజల కొరత కరువుగా ముదరడానికి, బియ్యం వ్యాపారం మీద కంపెనీ ఉద్యోగులు పెట్టిన ఆంక్షలూ కారణం కావచ్చని రాశాడు. అందుకే గింజల వ్యాపారంలో సర్కారు వేలు పెట్టకూడదని గట్టిగా వాదించాడు.

నూరేళ్లకు ఆ వాదం రాయలసీమ మీద పడింది. ధాత నామ సంవత్సరం పేరుతో పిలిచే, 1876లో మొదలైన ధాత కరువులో కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు మలమల మాడుతుంటే మద్రాసు ప్రభుత్వం ధాన్యం కొనడం మొదలుపెట్టింది. వైస్రాయ్ లిట్టన్ సర్కారు ఒప్పుకోలేదు, వ్యాపారాన్ని దాని దారిన వదిలేయమంది. పైగా ఆ సర్కారు పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, కాస్త చిల్లరకు కుదించాడు. పౌనంటే అర కిలో కూడా కాదు. రైళ్లలో ధాన్యం రాకపోలేదు. కొనుక్కునే డబ్బే జనం దగ్గర లేదు.

స్మిత్‌ను వాళ్లు అపార్థం చేసుకున్నారని కొందరు సర్దిచెబుతారు. నేనలా అనలేను, ఆ భాగం చదివితే సూటిగానే ఉంది. కానీ దానికి జవాబు కూడా ఆ పుస్తకంలోనే, మొదటి భాగం ఏడో అధ్యాయంలో ఉంది. నిరుపేదకు ఆరు గుర్రాల బండి కావాలనిపించొచ్చు గానీ, కొనే స్తోమత లేదు కాబట్టి అది మార్కెట్లో గిరాకీ కిందికి రాదంటాడు. బండి తీసేసి అక్కడ ముద్ద అన్నం పెట్టి చూడండి. రైల్లో వచ్చిన గింజల్ని వర్తకుడు డబ్బులేని కర్నూలు జనానికి ఎందుకిస్తాడు?

1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు లెక్కలోకి తీసుకున్నది సరిగ్గా మార్కెట్ గిరాకీ కిందికి రాని ఆ ఆకలినే. అది దుబారా అని స్మిత్ పేరు చెప్పి వాదించేవాళ్లు మనలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు దయచేసి ఆ ఏడో అధ్యాయం కూడా చదవాలి.