ఇంకో పార్టీ గారికి, కాళ్లు కడుక్కున్నవాడు రాయునది

ఇంకో పార్టీ గారూ,

తమరు క్షేమమని తలుస్తాను. క్షేమం కాక ఏం లెండి, ఏడాదిన్నరగా నేను చూసిన ప్రతి ఇల్లూ నాకంటే అరగంట ముందే తమరికి తెగ నచ్చేస్తోంది.

నిన్నటి సంగతి మాత్రం మనసులో పెట్టుకోలేక రాస్తున్నాను. ఆకివీడు దాటాక పది సెంట్లలో పెంకుటిల్లు, లేక్ వ్యూ అన్నాడు బ్రోకరు. అరుగెక్కి చూస్తే ఆ లేకు కాస్తా చేపల చెరువు. చిల్లులు పొడిచిన తవుడు సంచులు వెదురు బొంగులకి వేలాడుతున్నాయి, గట్టు మీద ఒకే ఒక్క గూడబాతు మా వైపు చూస్తోంది, దానికీ ఇల్లు నచ్చినట్టు లేదు. కొల్లేరు ఎక్కడయ్యా అంటే చెయ్యి చాపి "అదేనండి, ఆ తాడిచెట్ల అవతల" అన్నాడు. సరే, అదీ భరించాను.

ఇది ఐదో కాంటూరు, అదే కొల్లేరు అభయారణ్యం హద్దు గీత, దానికి లోపలా బయటా అని అడిగాను. తప్పా? 1999లో కొల్లేరుని అభయారణ్యం అన్నారు, 2006లో పొక్లెయిన్లు పెట్టి లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు, ఇక్కడ చిన్నపిల్లాడైనా అడిగే మాటే. దానికాయన జవాబు: "ఇంకో పార్టీ అయితే ఆ ప్రశ్నే అడగలేదండి." 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు విజయవాడని ముంచి చివరికి చేరింది కొల్లేరుకే కదా, ఈ గుమ్మందాకా వచ్చాయా అన్నాను. ఇంకో పార్టీకి ఆ బెంగ లేదట. తాకట్లేమైనా ఉన్నాయేమో చూపే ఈసీ అక్కర్లేదు, పాత అమ్మకాల లింకు డాక్యుమెంట్లు అక్కర్లేదు, నోటరీ కాగితం చాలు, అంతా క్యాషే. ఎక్కడ పెంచారండీ తమరిని? మా ఆవిడ కూడా కారెక్కగానే "ఆ పార్టీని చూడండి ఎంత చురుకో" అంటోంది, మీ మొహం ఎలా ఉంటుందో తెలియకుండానే.

ఇంటికెళ్లి ఆలోచించుకుని చెబుతానన్నాను. "ఆయ్, మీ ఇష్టమండి, ఆ పార్టీ భీమవరంలో బయల్దేరిపోయారు" అన్నాడు. అంతే, నా నోరు నా మాట వినలేదు, 38 లక్షల దగ్గర ఆగాల్సింది 41 అనేసింది. అని, బురద కాళ్లతో బోరింగు దగ్గరికెళ్లాను. ఒక చేత్తో కొట్టుకుంటూ కడుక్కుంటున్నాను, గోడ అవతల ఆయన ఫోన్లో చెబుతున్నాడు: "లేదండి, మీరు త్వరగా తేల్చాలి, ఇంకో పార్టీ వచ్చేశారు, ఇక్కడే కాళ్లు కడుక్కుంటున్నారు."

చుట్టూ చూశాను. కాళ్లు కడుక్కుంటున్నది నేనొక్కణ్ణే.

ఏవయ్యా, అంటే ఇన్నాళ్లూ ఎవడి టెన్షన్ నేను? సఖినేటిపల్లి దగ్గర గోదారి గట్టు ఇంటికి సంక్రాంతికల్లా రిజిస్ట్రేషన్ పెట్టుకున్నావన్నారే, మొన్న వెళితే అదే తాళం, గడప మీద పిచ్చిమొక్కలు, రేటు మాత్రం 4 లక్షలు ఎక్కి కూర్చుంది. కొన్నావా మరి? కొనవు! ఈ రాష్ట్రంలో ఎంత దిక్కుమాలిన పార్టీ అయినా ఐదేళ్లకోసారి గుమ్మంలోకి వచ్చి దణ్ణం పెడుతుంది, నువ్వు ఆ పాటి కూడా చెయ్యవు. రాకుండానే రేటు పెంచుతావు, కనపడకుండానే నా చేత బయానా ఇప్పిస్తావు. ఆ యాభై వేలు తిరిగి ఇమ్మంటే "ఇంకో పార్టీ కొనగానే సర్దేస్తానండి" అంటున్నాడు. నా డబ్బు కూడా నీ చేతిలోనే ఉందన్నమాట!

కోపంలో ఏకవచనం వచ్చింది, ఏమీ అనుకోకండి. ఆ ఫోన్లో అవతల ఉన్నది ఎవరో గానీ, ఆ మనిషి కూడా నాలాగే 41 విని 43 అని ఉంటాడు, రాత్రి నిద్రపట్టక లేచి మంచినీళ్లు తాగి ఉంటాడు. నా మీద పళ్లు కూడా నూరి ఉంటాడు, అందులో తప్పేం లేదు.

ఉప్పుటేరు గట్టున ఇంకో ఇల్లుందట. పొద్దున్నే ఫోను వచ్చింది. వచ్చే ఆదివారం పదకొండింటికి తమరు చూడ్డానికి వస్తున్నారట. మా ఆవిడ ఎనిమిదింటికే బయల్దేరదామంటోంది.